ఆర్నె నూర్‌హైమ్ పద్ధతిలో విశాఖ శబ్దాలతో ఆరు లూపుల సంగీతం చేయడం ఎలా

1970లో జపాన్‌లోని ఒసాకాలో ప్రపంచ ప్రదర్శన జరిగింది. అక్కడి స్కాండినేవియా పెవిలియన్ కోసం నార్వే స్వరకర్త ఆర్నె నూర్‌హైమ్ 'పోలీ-పోలీ' అనే రచన చేశారు. ఆరు టేపు లూపులు (రెండు చివర్లూ అతికించి, ఆగకుండా మళ్ళీ మళ్ళీ తిరిగేలా చేసిన టేపు ముక్కలు), ఒక్కోటి ఒక్కో పొడవు. అన్నీ ఒకేసారి తిరుగుతుంటాయి, దేని దారి దానిది. మొదట్లో ఏ శబ్దం ఏ శబ్దంతో కలిసి వినిపించిందో, ఆరింటి మధ్య అదే కలయిక మళ్ళీ రావాలంటే 102 ఏళ్లు పడుతుంది. ప్రదర్శన నడిచింది మార్చి 15 నుంచి సెప్టెంబరు 13 వరకు, 183 రోజులు. పొద్దున వచ్చినవాళ్ళు విన్నది సాయంత్రం వచ్చినవాళ్ళు వినలేదు, ఇద్దరూ విన్నది మాత్రం ఒకే రచన.

ఈ పద్ధతిని ఇప్పుడు ఇంట్లో చేసుకోవచ్చు. రికార్డింగుకి ఒక ఫోను, ఒక మామూలు కంప్యూటరు, ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేరు, ఆరు చిన్న స్పీకర్లు, వాటికి ఒక్కోటి చొప్పున ఆరు పాత ఫోన్లు చాలు. అలలు, ఓడల సైరన్లు, గుడి గంటలు, చేపల రేవు ఒకే ఊళ్ళో దొరికే విశాఖ ఇందుకు చాలా అనువైన చోటు. పని మొత్తం రెండు వారాంతాల్లో పూర్తవుతుంది: ఒకటి రికార్డింగుకి, ఇంకొకటి కోతకి, అమరికకి.

ముందు ఆయన గురించి

నూర్‌హైమ్ 1931 జూన్ 20న లార్విక్ అనే సముద్రతీర పట్టణంలో పుట్టారు. ఓస్లో కన్జర్వేటరీలో ఆర్గాన్, సంగీత సిద్ధాంతం చదువుకున్నారు. 1955లో కోపెన్‌హాగెన్ వెళ్ళి డెన్మార్క్ స్వరకర్త వాగ్న్ హోల్మ్‌బో దగ్గర నేర్చుకున్నారు. బయటి శబ్దాలను టేపుకి ఎక్కించి, కోసి, అతికించి సంగీతం చేసే పద్ధతిని పారిస్‌లో చూశారు. ఈ పనికి కావలసిన పరికరాలు, మనుషులు దొరికింది మాత్రం వార్సాలో. పోలిష్ రేడియో అక్కడ 1957లో ప్రయోగాత్మక స్టూడియో పెట్టింది. 1967 నుంచి 1972 వరకు ఆయన అక్కడికి వెళ్తూ వస్తూ, యుగేనియుష్ రుద్నిక్ అనే ఇంజనీరుతో కలిసి పనిచేశారు. రుద్నిక్ స్వయంగా స్వరకర్త కూడా.

అంతకుముందే, 1963లో, 'ఎపిటాఫియో' అనే ఆర్కెస్ట్రా రచనలో ఆయన టేపును వాడారు. అల్ఫ్ ఆండెర్సెన్ అనే ఫ్లూటు కళాకారుడి స్మృతిలో రాసినది అది. ఆర్కెస్ట్రా వాయిస్తుండగా, కవి క్వాజిమోదో పంక్తులు పాడే బృందగానం టేపు మీద నుంచి వచ్చి కలుస్తుంది. 1972లో 'ఎకో' అనే రచనకు నార్డిక్ కౌన్సిల్ సంగీత బహుమతి వచ్చింది. 1982 నుంచి ఓస్లో రాజభవనం పక్కనున్న 'గ్రొట్టెన్' ఇంట్లో ఉన్నారు. దేశం ఒక కళాకారుడికి గౌరవంగా ఇచ్చే ఇల్లు అది. 2010 జూన్ 5న మరణించినప్పుడు ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి.

పని మొదలుపెట్టే ముందు ఆయన రచనలు 'సొలిటేర్', 'పాచె', 'కలరాత్సియోనె' మూడూ ఒక్కసారైనా హెడ్‌ఫోన్లతో వినండి. ఫోను స్పీకరు మీద వింటే సగం శబ్దం వినపడదు, మిగిలిన సగం గొడవలా ఉంటుంది. వినేటప్పుడు రాగం కోసం వెతక్కండి. ఒక శబ్దం ఎలా మొదలైంది, ఎంతసేపు నిలిచింది, ఎలా ఆరిపోయింది అన్నది గమనించండి. మీరు చేయబోయే పని అంతా ఆ మూడింటి మీదే ఉంటుంది.

లూపు పొడవులు ఎంచుకోవడం

చాలామంది దీన్ని చిన్న విషయం అనుకుంటారు. నిజానికి రచన అంటే ఇదే. పొడవులు సరిగా ఎంచుకోకపోతే ఎంత మంచి శబ్దాలు తెచ్చినా అరగంటలో అంతా మొదటికొస్తుంది.

తాళాలు తెలిసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. ఒకరు ఆది తాళం 8 అక్షరాలు, ఇంకొకరు మిశ్ర చాపు 7 అక్షరాలు ఒకే వేగంతో వేస్తుంటే ఇద్దరి సమం మళ్ళీ కలిసేది 56 అక్షరాల తర్వాత. 8, 4 అయితే ప్రతి ఎనిమిదికీ కలుస్తారు. లూపులదీ అదే లెక్క: సెకన్లలో పొడవుల కనిష్ఠ సామాన్య గుణిజం ఎంతో, అన్ని సెకన్లకు మొత్తం చక్రం ఒకసారి తిరుగుతుంది.

20, 30, 40, 45, 50, 60 సెకన్ల లూపులు తీసుకున్నారనుకోండి. చూడ్డానికి తేడాగానే ఉన్నాయి. కానీ వాటి క.సా.గు. 1,800. సరిగ్గా 30 నిమిషాలకు రచన మొత్తం పునరావృతం అవుతుంది. పైగా 20, 40, 60 లూపులు రెండేసి నిమిషాలకు కలుస్తుంటాయి కాబట్టి, వినేవాళ్ళు పది నిమిషాల్లోనే పట్టేస్తారు.

దాని బదులు 29, 31, 37, 41, 43, 55 సెకన్లు తీసుకోండి. వీటిలో ఏ రెండింటికీ ఉమ్మడి కారణాంకం లేదు (55 అంటే 5 ఇంటూ 11, మిగిలినవన్నీ ప్రధాన సంఖ్యలు). ఆరింటినీ గుణిస్తే 322,53,46,795 సెకన్లు. సంవత్సరాల్లోకి మారిస్తే 102 ఏళ్ల పైన సుమారు 75 రోజులు. నూర్‌హైమ్ వాడిన పొడవులు ఇవే అని కాదు. ఆయన రచనకు చెప్పే కాలం దగ్గరికి మనల్ని తీసుకెళ్ళే చిన్న సంఖ్యలు ఇవి.

టేపుతో అయితే ఇంత తేలిక కాదు. స్టూడియో టేపు సెకనుకు 38.1 సెంటీమీటర్ల వేగంతో తిరుగుతుందనుకుంటే 29 సెకన్ల లూపుకి 11 మీటర్ల టేపు కావాలి. 55 సెకన్లకైతే దాదాపు 21 మీటర్లు. యంత్రం బయట స్టాండ్ల మీదుగా తిప్పి, బిగువు సడలకుండా చూసుకోవాలి. ఈ కష్టం తెలిస్తే, మౌసు నొక్కి లూపు చేసుకునేటప్పుడు పొడవు గురించి కాస్త ఎక్కువ ఆలోచిస్తాం.

ఇంకో జాగ్రత్త. ఆరూ కలిసేది 102 ఏళ్లకు గానీ, ఏ రెండైనా త్వరగానే కలుస్తాయి. 29, 31 కలిసేది 899 సెకన్లకు, అంటే 15 నిమిషాలకు ఒక సెకను తక్కువ. 43, 55 కలిసేది 39 నిమిషాల 25 సెకన్లకు. అందుకే 29, 31 లూపుల్లో ఒకే రకం శబ్దాలు పెట్టకండి. రెండింట్లోనూ గంటలుంటే 15 నిమిషాలకోసారి అదే జంట మోత వస్తుంది, చెవి దాన్ని గుర్తుపడుతుంది.

నిశ్శబ్దం ఎంత

ప్రతి లూపులో శబ్దం మూడో వంతు మించకూడదు, మిగిలినది ఖాళీ. ఇది వినగానే చాలామందికి నచ్చదు. రికార్డు చేసిందంతా పెట్టేయాలనిపిస్తుంది. లెక్క చూడండి: ఆరు లూపుల్లో ఒక్కోటి మూడో వంతు మోగితే, ఏ క్షణంలోనైనా సగటున రెండు శబ్దాలు వినిపిస్తాయి. ఆరూ ఒకేసారి మోగేది 729లో ఒక వంతు, అంటే గంటకు సుమారు 5 సెకన్లు. ఏదీ మోగని సమయం 729లో 64 వంతులు, గంటకు దాదాపు 5 నిమిషాలు, అదీ చిన్న చిన్న ముక్కలుగా. వినేవాడు తర్వాతి శబ్దం కోసం ఎదురుచూసేది ఆ ముక్కల్లోనే.

లూపులో సగం శబ్దంతో నింపితే సగటు మూడుకి పెరుగుతుంది, పూర్తి నిశ్శబ్దం 64లో ఒక వంతుకి పడిపోతుంది. మూడు శబ్దాలు ఎప్పుడూ కలిసి మోగుతుంటే ఏదీ విడిగా వినపడదు, ఊరి రొదలా అయిపోతుంది.

శబ్దాలు సేకరించడం

ఫోన్లో వేవ్ ఫార్మాట్‌లో రికార్డు చేసే యాప్ వాడండి. 48,000 హెర్ట్జ్, మోనో. ఫోనుతో వచ్చే వాయిస్ రికార్డరు చాలాసార్లు ఫైలును కుదించి దాస్తుంది. అలాంటి ఫైలును తర్వాత నెమ్మది చేస్తే గంట మోత చివర్లు నీళ్ళలో మునిగినట్టు వినిపిస్తాయి. యాప్‌లో 'ఆటో గెయిన్' ఉంటే తీసేయండి. అది ఆన్‌లో ఉంటే గంట కొట్టిన క్షణంలో స్థాయి తగ్గి, మోత ఆరిపోతుండగా మళ్ళీ పెరుగుతుంది. ఆరిపోవడమే గంటకి అందం, అది పోతుంది. అత్యధిక స్థాయి మైనస్ 12 డెసిబెల్ దగ్గర ఉండేలా చూసుకోండి. మీటరులో ఎరుపు తగిలిన రికార్డింగును తర్వాత బాగుచేయలేం.

అలల కోసం మధ్యాహ్నం వెళ్ళకండి. నేల వేడెక్కాక సముద్రం మీది నుంచి గాలి బలంగా వీస్తుంది, మైకులో అలల కంటే గాలి కొట్టుకోవడమే ఎక్కువ ఎక్కుతుంది. తెల్లవారుజామున గాలి తక్కువ, బీచ్ రోడ్డు మీద బళ్ళూ తక్కువ. ఇసుక మీద పగిలే అల తెల్లటి హోరులా ఉండి మిగతా ఐదు శబ్దాలనూ కప్పేస్తుంది. దాని బదులు తెన్నేటి పార్కు కింద రాళ్ళ దగ్గరికి వెళ్ళండి. రాళ్ళ సందుల్లోకి నీళ్ళు దూరి బయటికి పీల్చుకునే చప్పుడు విడివిడిగా దొరుకుతుంది. మైకు చుట్టూ స్పాంజి ముక్క, దాని మీద ఒక పొర పాత తువ్వాలు చుడితే గాలి చాలావరకు ఆగుతుంది. రాళ్ళ మీద నాచు ఉంటుంది, ఒంటరిగా దిగొద్దు. ఇంటికొచ్చాక ఫోనును పొడి గుడ్డతో తుడవండి, ఉప్పు గాలి ఛార్జింగు రంధ్రాన్ని తినేస్తుంది.

ఫిషింగ్ హార్బర్‌లో ఉదయం పడవలు వచ్చే వేళకు వెళ్తే ఐసు గడ్డలు పగలగొట్టే చప్పుడు, ప్లాస్టిక్ ట్రేలు సిమెంటు మీద ఈడ్చే చప్పుడు, డీజిల్ ఇంజన్లు దొరుకుతాయి. వేలం పాట అరుపులు ఎంత బాగున్నా, మనుషుల గొంతులు రికార్డు చేసే ముందు అడగండి. అక్కడివాళ్ళు పనిలో ఉంటారు, పని ఆపించకండి. ఐసు చప్పుడుకి అడుగున్నర దూరం సరిపోతుంది. ఇంకా దగ్గరికెళ్తే స్థాయి దాటిపోతుంది.

నౌకాదళ ప్రాంతాల చుట్టుపక్కల, పోర్టు గేట్ల దగ్గర, విమానాశ్రయం దగ్గర ఫోను పట్టుకుని నిలబడొద్దు. ఓడ సైరన్ కావాలంటే దూరం నుంచి, బీచ్ వైపు నుంచే పట్టుకోండి. దూరం నుంచి వచ్చే సైరన్‌లో గాలి, నీరు కలిసి ఉంటాయి, ఈ పనికి అదే బాగుంటుంది.

గంటలకు గుడికే వెళ్ళాలని లేదు. పూర్ణా మార్కెట్ వైపు పాత్రల దుకాణాల్లో కంచు గంట, జేగంట దొరుకుతాయి. జేగంట మీద కొయ్య సుత్తితో ఒక్క దెబ్బ వేసి, పూర్తిగా ఆగేదాకా కదలకుండా ఉండండి. ఒకే దెబ్బని అంచు మీద ఒకసారి, మధ్యలో ఒకసారి, అంచుకి మధ్యకి నడుమ ఒకసారి రికార్డు చేయండి. మూడూ మూడు వేర్వేరు శబ్దాలు. ఇంట్లో చేస్తే ఫ్యాను, ఫ్రిజ్ రెండూ ఆపాలి. వినేటప్పుడు తెలియని ఫ్రిజ్ రొద, శబ్దాన్ని నెమ్మది చేశాక పైకి తేలుతుంది.

ఒక లూపు మనిషి గొంతుకి కేటాయించండి. 'పాచె'లో నూర్‌హైమ్ మానవ హక్కుల సార్వత్రిక ప్రకటన చదివిన గొంతులను తీసుకుని, మాట తెలియనంతగా మార్చారు. మీరు అదే ప్రకటన మొదటి అధికరణాన్ని తెలుగులో ముగ్గురితో చదివించండి. ఒక ముసలావిడ, ఒక చిన్నపిల్ల, ఒక నడివయసు మనిషి అయితే గొంతుల తేడా బాగా తెలుస్తుంది. ఎవరి యాసలో వాళ్ళు చదవనివ్వండి. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి మాట చివరి అచ్చుని కత్తిరించి సాగదీయడం తేలిక.

మూడు రకాలు మాత్రం వద్దు. సినిమా పాట ముక్క వద్దు, రెండోసారి రాగానే లూపు బయటపడిపోతుంది. స్పష్టంగా అర్థమయ్యే పూర్తి వాక్యం వద్దు, కారణం అదే. తంబురా లాంటి శ్రుతి కూడా వద్దు. మన చెవికి శ్రుతి తగలగానే అది షడ్జం అయిపోతుంది, మిగతా ఐదు లూపులూ దానికి పక్కవాద్యాలైపోతాయి. ఆరింటికీ సమాన హోదా ఉండాలన్నదే ఈ రచన ఆధారం.

శబ్దాలను మార్చడం

ఆడాసిటీ తెరిచి ప్రాజెక్టు రేటు 48,000కి పెట్టండి. ఫైళ్ళు వేర్వేరు రేట్లలో ఉన్నా లోపలికి తెచ్చుకోవచ్చు, బయటికి తీసేటప్పుడు మాత్రం అన్నీ ఒకే రేటులో ఉండాలి.

మొదటి పని వేగం. 'ఛేంజ్ స్పీడ్ అండ్ పిచ్'లో 0.5 ఇస్తే శబ్దం రెండింతలు సాగి, శ్రుతి ఒక స్థాయి (ఆక్టేవ్) కిందికి దిగుతుంది. టేపును సగం వేగంతో తిప్పితే జరిగేది ఇదే. జేగంటకి 0.5, ఐసు చప్పుడుకి 0.25 ప్రయత్నించండి. ఓడ సైరన్‌ను మాత్రం నెమ్మది చేయొద్దు. అది మొదటే కింది శ్రుతిలో ఉంటుంది, సగం చేస్తే చిన్న బ్లూటూత్ స్పీకర్లు పలకలేనంత కిందికి పోతుంది. హెడ్‌ఫోన్లలో గొప్పగా వినిపించి, గదిలో అసలు వినపడకపోవడానికి కారణం ఇదే. చిన్న స్పీకర్లలో చాలావాటికి 100 హెర్ట్జ్ కింద శక్తి ఉండదు.

రెండోది రింగ్ మాడ్యులేషన్. 'కలరాత్సియోనె'లో హామండ్ ఆర్గాన్, తాళవాద్యాల శబ్దాలను నూర్‌హైమ్ దీని గుండా, టేపు ఆలస్యం (శబ్దాన్ని కాస్త ఆగి మళ్ళీ వినిపించే పద్ధతి) గుండా పంపారు. ఒక శబ్దాన్ని ఇంకొక స్థిర పౌనఃపున్యంతో గుణిస్తే, రెండింటి మొత్తం, రెండింటి తేడా పుడతాయి, మూలం పోతుంది. 600 హెర్ట్జ్ గంటను 180తో గుణిస్తే 780, 420 వస్తాయి. అవి మూలానికి స్వర సంబంధం లేని చోట పడతాయి కాబట్టి గంట లోహంలాగే ఉండి, ఏ లోహమో తెలియకుండా పోతుంది.

ఆడాసిటీలో దీనికి విడిగా బొత్తాం లేదు, కానీ శబ్ద స్థాయిని వేగంగా పెంచి తగ్గించే 'ట్రెమొలో'తో చేయొచ్చు. ముందు ట్రాకును 'డూప్లికేట్' చేయండి. మొదటి ట్రాకు మీద ట్రెమొలో: తరంగం సైన్, వెట్ 100 శాతం, పౌనఃపున్యం 180. ఇప్పుడు 780, 420తో పాటు 600 కూడా మిగిలే ఉంటుంది. దాన్ని తీసేయడానికి రెండో ట్రాకును 'ఇన్‌వర్ట్' చేసి, 'ఆంప్లిఫై'లో మైనస్ 6 డెసిబెల్ ఇచ్చి, రెండు ట్రాకులనూ కలిపేయండి. తలకిందులైన సగం మూలం, మిగిలిపోయిన సగం మూలాన్ని రద్దు చేస్తుంది. ఈ మధ్యలో ఒక ట్రాకు కొద్దిగా జరిగినా రద్దు కాదు, కాబట్టి డూప్లికేట్ చేశాక ఏదీ కదపకండి.

అలల లూపుకి, పై శ్రుతులను తగ్గించే 'లో-పాస్ ఫిల్టర్' 1,000 హెర్ట్జ్ దగ్గర, ఆక్టేవ్‌కి 12 డెసిబెల్ వాలుతో పెట్టండి. హోరు తగ్గి, నీటి బరువు మిగులుతుంది. గొంతుల లూపులో అచ్చులను కత్తిరించి 'పాల్‌స్ట్రెచ్'తో 6 రెట్లు సాగదీయండి. క, త, ట లాంటి హల్లుల ముక్కలను విడిగా, సాగదీయకుండా వాడండి. 'రివర్స్' ఒక్క శబ్దానికే వాడండి, ఎక్కడపడితే అక్కడ తిప్పితే అన్నీ ఒకే రకం ఊపిరి పీల్పులా వినిపిస్తాయి. రివర్బ్ వీలైనంత తక్కువ. మీ గది ఎలాగూ కొంత ప్రతిధ్వని ఇస్తుంది. రెండు ప్రతిధ్వనులు కలిస్తే శబ్దం ఏ స్పీకరు నుంచి వస్తోందో తెలియదు.

లూపులు కట్టడం

ఖాళీ మోనో ట్రాకు తెరిచి, సరిగ్గా 29 సెకన్ల నిశ్శబ్దం పుట్టించండి ('జెనరేట్' మెనూలో 'సైలెన్స్'). దానిలో మీ శబ్దాన్ని ఉంచండి. శబ్దం లూపు మొదట్లోనే మొదలవ్వాల్సిన పని లేదు. ఆరింటిలోనూ మొదట్లోనే పెడితే, ఆన్ చేసిన మొదటి క్షణంలో ఆరూ ఒక్కసారి విరుచుకుపడతాయి. ఒకదానిలో 3వ సెకను, ఇంకొకదానిలో 17, మరొకదానిలో 30 అలా వెదజల్లండి.

మా సూచన ఇలా ఉంటుంది. 29లో జేగంట, 9 సెకన్లు. 31లో ఐసు చప్పుళ్ళు, రెండు మూడు దెబ్బలు కలిపి 8 సెకన్లు. 37లో రాళ్ళ నీళ్ళు, 12 సెకన్లు, వచ్చేటప్పుడు 4 సెకన్ల ఫేడ్ (స్థాయి మెల్లగా పెరగడం లేదా తగ్గడం), పోయేటప్పుడు 5. 41లో గొంతులు, రెండు విడతలుగా మొత్తం 13. 43లో డీజిల్ ఇంజను లేదా దూరపు గూడ్సు బండి, 12. 55లో ఓడ సైరన్, ఒకే ఒక్కసారి, 9 సెకన్లు. పొడవైన లూపులో చిన్న శబ్దం పెట్టడం కావాలని చేసేది. అరుదుగా వచ్చే శబ్దం మిగతా ఐదింటినీ కొత్తగా వినిపిస్తుంది.

కత్తిరించిన ప్రతి చోటా 10 మిల్లీసెకన్ల ఫేడ్ ఇవ్వండి. లేకపోతే 'టిక్' మని వస్తుంది, అది ప్రతి చుట్టులోనూ వస్తుంది. ఒకసారి పట్టుకున్న చెవి ఇంకేమీ వినదు.

బయటికి తీసేటప్పుడు వేవ్ ఫైలే. ఎంపీ3 వద్దు. ఆ ఫార్మాట్ ఫైలు మొదట్లో, చివర్లో కొంచెం ఖాళీని చేరుస్తుంది, పొడవు మారిపోతుంది. ఎగుమతి చేశాక ఫైలు పొడవు సరిచూడండి: 29 సెకన్ల లూపులో 13,92,000 శాంపిళ్ళు (సెకనుకు 48,000 చొప్పున) ఉండాలి.

గదిలో పెట్టడానికి ముందు కంప్యూటరులోనే ఒక అరగంట రూపం చేసి వినడం మంచిది. ఆరు ట్రాకులూ ఒకే ప్రాజెక్టులోకి తెచ్చి, 'రిపీట్' ఎఫెక్టుతో 29కి 62 సార్లు, 31కి 58, 37కి 48, 41కి 43, 43కి 41, 55కి 32 సార్లు చేర్చండి. అన్నీ 1,800 సెకన్లు దాటతాయి, అక్కడ కత్తిరించండి. హార్డ్ డిస్కులో కనీసం 3 జీబీ ఖాళీ ఉంచుకోండి. ఆరు ట్రాకులు కలిస్తే స్థాయి గరిష్ఠంగా 15.6 డెసిబెల్ పెరగొచ్చు, కాబట్టి ఒక్కో ట్రాకు అత్యధిక స్థాయి మైనస్ 16 దగ్గర పెట్టండి. చివర్లో మొత్తం మీద పెంచుకోవచ్చు. ఈ అరగంట వింటుంటే ఏ శబ్దం ఎక్కువైందో, ఏది విసుగు పుట్టిస్తోందో తెలిసిపోతుంది. విసుగు పుట్టించేది ఎక్కువసార్లు వచ్చేదే, అంటే 29. దాన్ని మార్చడానికి వెనకాడకండి.

గదిలో అమర్చడం

20 అడుగులకి 30 అడుగుల గది సరిపోతుంది. ఆరు స్పీకర్లను గోడల వెంబడి, కూర్చున్న మనిషి చెవి ఎత్తులో, వీలైతే మూడింటిని గోడ వైపు తిప్పి పెట్టండి. గోడకి తగిలి వచ్చే శబ్దం దూరంగా ఉన్నట్టు ఉంటుంది, గదికి లోతు వస్తుంది. జేగంట, ఐసు ఎదురెదురు మూలల్లో ఉండాలి. కుర్చీలు వరసలుగా వేయకండి. వేదిక లేని చోట వరసలు వేస్తే అందరూ ఖాళీ గోడను చూస్తూ కూర్చుంటారు. చాపలు పరచి మధ్యలో నడవడానికి దారి వదలండి. ఎప్పుడైనా వచ్చి ఎప్పుడైనా వెళ్ళొచ్చని తలుపు దగ్గరే రాసి పెట్టండి.

ఒక్కో స్పీకరుకి ఒక్కో పాత ఫోను. ఫైలును 'రిపీట్ వన్'లో పెట్టి, ఫోనును ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉంచండి. బ్యాటరీ ఆదా చేసే సెట్టింగు నుంచి ప్లేయర్ యాప్‌ను మినహాయించండి, లేకపోతే గంట తర్వాత ఫోనే దాన్ని ఆపేస్తుంది. కొన్ని ప్లేయర్లు ప్రతి చుట్టుకీ మధ్య కాస్త ఖాళీ వదులుతాయి. దానివల్ల నష్టం లేదు. 29 కాస్తా 29.2 అవుతుంది, మొత్తం చక్రం లెక్క మారుతుంది, లూపులు ఇంకా విడిపోతాయి.

అసలు ఇబ్బంది బ్లూటూత్‌తో. చాలా స్పీకర్లు నిశ్శబ్దం రాగానే నిద్రపోతాయి, శబ్దం వచ్చాక మేలుకోవడానికి క్షణం తీసుకుంటాయి. ఆ క్షణంలో జేగంట మొదటి దెబ్బ వినపడకుండా పోతుంది, తోక ఒక్కటే వినిపిస్తుంది. మన లూపుల్లో మూడింట రెండు వంతులు నిశ్శబ్దమే కాబట్టి ఇది ప్రతి చుట్టులోనూ జరుగుతుంది. తీగతో కలిపితే మంచిది. తీగ లేకపోతే నిశ్శబ్దం బదులు మైనస్ 60 డెసిబెల్ స్థాయిలో సన్నని రొద పెట్టండి. మనుషులకి వినపడదు, చాలా స్పీకర్లను మేల్కొని ఉంచుతుంది. తీగతో కలిపినప్పుడు ఛార్జరు పెడితే కొన్ని ఫోన్లలో గుంయ్‌మని మోత వస్తుంది. అలాంటప్పుడు పవర్ బ్యాంకు వాడండి. కరెంటు పోయినా ఆగదు, అదొక లాభం.

స్థాయిలు గది నిండా మనుషులున్నప్పుడు మళ్ళీ సరిచూడాలి. ఖాళీ గదిలో సరిపోయిన అలల శబ్దం, ముప్పై మంది కూర్చున్నాక వినపడదు. ఎత్తు శ్రుతులను బట్టలు, శరీరాలు పీల్చేస్తాయి. సీలింగ్ ఫ్యాన్లు నెమ్మదిగా తిరగనివ్వండి, విశాఖ ఉక్కలో పూర్తిగా ఆపితే ఎవరూ పావుగంట కూర్చోరు. ఫ్యాను రొదకంటే చిన్న శబ్దాలను మాత్రం రెండు మూడు డెసిబెల్ పెంచండి.

వెలుగుతో ఆడించాలనుకుంటే

1968లో శిల్పి ఆర్నాల్డ్ హౌకెలాండ్‌తో కలిసి నూర్‌హైమ్ నార్వేలోని షేబెర్గ్ దగ్గర స్టూరెదాల్‌లో 'వెలుగుకి స్తుతి' అనే ధ్వని శిల్పం చేశారు. స్టూరెదాల్ చూపులేని వారి కోసం కట్టిన కేంద్రం. శిల్పంలోని కాంతి సెల్‌లు పగటి వెలుగును బట్టి శబ్దాన్ని మారుస్తాయి, కాబట్టి వెలుగు ఎలా ఉందో చెవితో తెలుస్తుంది. మీ ఆరు లూపుల్లో ఒకదాన్ని ఇలా చేయొచ్చు. ఒక ఎల్‌డీఆర్ (వెలుగును బట్టి నిరోధం మారే చిన్న భాగం), ఒక 10 కిలో ఓమ్ రెసిస్టరు వరుసగా 5 వోల్టుల మీద కలిపి, మధ్య బిందువును ఆర్డుయినో అనే చిన్న నియంత్రణ బోర్డు అనలాగ్ పిన్నుకి ఇవ్వండి. ఆర్డుయినో నుంచి, మెమరీ కార్డులోని ఫైలును వాయించే డీఎఫ్ ప్లేయర్ మినీ మాడ్యూల్‌కి వాల్యూమ్ ఆదేశం పంపండి. ఆదేశాలు అందుకునే మాడ్యూల్ ఆర్‌ఎక్స్ తీగలో 1 కిలో ఓమ్ రెసిస్టరు వేయకపోతే స్పీకరులో సన్నని మోత వస్తుంది. ఎల్‌డీఆర్‌ను కిటికీ దగ్గర పెట్టండి, ట్యూబ్‌లైటు కింద పెడితే రోజంతా ఒకే విలువ చూపిస్తుంది. సాయంత్రం ఐదింటికి మొదలుపెడితే చీకటి పడేలోగా ఆ లూపు పూర్తిగా మారిపోతుంది.

ఆపడం

ఈ రచనకి ముగింపు లేదు కాబట్టి ఎలా ఆపాలో ముందే అనుకోవాలి. ఆరింటినీ ఒక్కసారి ఆపేస్తే కరెంటు పోయినట్టుంటుంది. ఒక్కో లూపు తన శబ్దం పూర్తి చేసుకుని నిశ్శబ్దంలోకి వెళ్ళాక, ఆ ఖాళీలో ఆ ఫోనును ఆపండి. 29తో మొదలుపెట్టి వరుసగా వెళ్తే నాలుగైదు నిమిషాల్లో పూర్తవుతుంది. 55ను చివరికి ఉంచితే ఆఖర్న ఓడ సైరన్ ఒక్కటే మిగులుతుంది. అది రెండు చుట్లకు మించి ఒంటరిగా తిరగనివ్వకండి.

ఫైళ్ళకి పేర్లు పెట్టేటప్పుడు సెకన్లు ముందు రాయండి: '29-జేగంట', '37-రాళ్ళ నీళ్ళు' అని. మళ్ళీ ఇంకో చోట పెట్టాల్సి వస్తే అన్నీ కొత్తగా చేయక్కర్లేదు. ఏ లూపు తీసినా దాని స్థానంలో అదే పొడవున్న కొత్త లూపు పెడితే చాలు, 102 ఏళ్ల లెక్క చెడదు.